పన్నెండో సంతకం

ఆస్పత్రిలో అందరూ ఆమెను రిజిస్టరమ్మ అనే పిలిచేవాళ్లు. శవాగారానికి వచ్చిన దేహాన్ని పుస్తకంలో రాసుకోవడం, తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల చేత సంతకం పెట్టించుకుని అప్పగించడం ఆమె ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా అదే కుర్చీ, అదే బల్ల. మోచేతులు ఆనే చోట బల్లకి రంగు పోయి చెక్క బయటపడింది. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగేది.

అయిదేళ్ల కిందట ఒకరోజు కళ్లజోళ్ల షాపాయన భార్య పోయింది. కబురు పెట్టి మూడు గంటలైనా ఆయన రాలేదు. ఆవిడ జుట్టంతా చిక్కుపడి, మొహం మీద మందుల మరకలతో ఉంది. ఆయన వచ్చి ఆ స్థితిలో చూడటం ఎందుకని రిజిస్టరమ్మే తడిగుడ్డతో మొహం తుడిచి, తల దువ్వి, జడ వేసింది. మంచిపని చేశాననే అనుకుంది. ఆయన వచ్చాడు. చేతిలో చిన్న సంచీ, అందులో దువ్వెన. భార్య వంక చాలాసేపు చూసి, "నా పని మీరు చేసేశారు," అన్నాడు. కేకలు వెయ్యలేదు, ఏడవలేదు. సంతకం పెట్టి తీసుకుపోయాడు.

ఆ ఒక్క మాట ఆమెకు ముల్లులా దిగబడిపోయింది. వాళ్ల మతంలో ఇంటివాళ్లే ముందు తాకాలనే నియమం ఉందేమో, తెలియక దాన్ని మంటగలిపానేమో అనుకుంది. తన బల్ల ముందుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఎవరికి ఏది తప్పో, ఏది ఊరటో తనకి తెలియదు. తెలుసుకోవాలనుకుంది. ఆ పట్టుదలతోనే మతాల అధ్యయనంలో ఆన్‌లైన్ ఎం.ఏ.కి పేరు ఇచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో, ఫుల్‌టైం ఉద్యోగం చేసుకుంటూ.

చదువంటే మాటలా. బస్సులో చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాఠాలు వినేది. దిగాల్సిన స్టాపు దాటిపోయి రెండుసార్లు నడిచి వెనక్కొచ్చింది. పాత ఫారాల వెనక వైపు నోట్సు రాసుకునేది. రెండో ఏడు పరీక్షలప్పుడు లిఫ్టు మెకానిక్కు అయిన భర్త లిఫ్టు గుంతలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడాది చదువు అటకెక్కింది. ఇంట్లో పాఠాలు గట్టిగా పెట్టుకుంటే, చూపు ఆనని అత్తగారు మంచం మీంచే వినేది. "నీకు డిగ్రీ ఎప్పుడొస్తుందో గానీ, వినీ వినీ నాకు సగం వచ్చేసింది," అనేది ఆవిడ.

మొత్తానికి పేపర్లన్నీ గట్టెక్కాయి. మిగిలింది ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటే. అయినవాళ్లు పోయినప్పుడు మనుషులు ఏం అడుగుతారు, ఏం చేయాలనుకుంటారు అన్నది ఆమె తీసుకున్న అంశం. తన బల్ల ముందు నిలబడ్డ పదిహేడు మంది మాటలు అందులో రాసింది. మొదటి అధ్యాయం కళ్లజోళ్ల షాపాయన గురించే. ఇంటివాళ్ల చేతి స్పర్శ, శుద్ధి, నియమం అంటూ నలభై పేజీలు. రిపోర్టుకి గుండెకాయ అదేనని గైడు మేడం మెచ్చుకుంది కూడా.

అప్పుడే ఆస్పత్రిలో కొత్త కబురు పుట్టింది. శవాగారం రిజిస్టరు కంప్యూటరుకి ఎక్కిస్తున్నారు, నెలాఖరుతో ఆ కుర్చీ ఎత్తేస్తున్నారు. దాని బదులు, చనిపోయినవాళ్ల కుటుంబాలతో మాట్లాడటానికి ఒక సలహాదారు పోస్టు వస్తోంది. దానికి పీజీ ఉండాలి. సూపరింటెండెంటు ఆమెను పిలిచి, ముప్పయ్యో తారీఖు లోపల పాసైనట్టు కాగితం తన బల్ల మీదకొస్తే మొదటి పేరు ఆమెదే పంపిస్తానన్నాడు. రాకపోతే దుప్పట్ల స్టోరుకి వెళ్లాలి. ఇంకోపక్క యూనివర్సిటీ పెట్టిన అయిదేళ్ల గడువు కూడా ఆ నెలతోనే ముగుస్తుంది.

అంతా సవ్యంగా సాగుతోందనుకున్న వేళ, ఎనిమిదో తారీఖున, యూనివర్సిటీ కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. రిపోర్టులో ఉన్న మనుషుల అంగీకార పత్రాలు ఎక్కడని అడిగారు. పదిహేడు మందిలో కనీసం పన్నెండు మంది చేత సంతకాలు చేయించి, ఫోన్ నంబర్లతో సహా ఇరవై ఆరో తారీఖు సాయంత్రం అయిదు లోపల పంపాలి. సంతకం లేనివాళ్ల మాటలు తీసెయ్యాలి. పన్నెండుకి తగ్గితే రిపోర్టు చెల్లదు.

గైడు మేడంకి ఫోన్ చేస్తే, ముందే చెప్పాల్సింది, తనదే పొరపాటని ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకుంటే ఏం లాభం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పద్దెనిమిది రోజులు. రెండింటికి డ్యూటీ దిగి, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, ఫారాలున్న సంచీ భుజాన తగిలించుకుని బయల్దేరేది. కాలికి బలపం కట్టుకుని తిరగడమంటే ఏమిటో ఆ రోజుల్లో తెలిసొచ్చింది.

మొదటి ఇల్లు, పోయిన ఒక బస్సు కండక్టరుది. ఆయన భార్య గుర్తుపట్టి లోపలికి రమ్మంది. ఫారం చదవకుండానే సంతకం పెట్టి, ఆ రోజు ఆయన చేతికి వాచీ ఉందా అని మెల్లగా అడిగింది. ఉందో లేదో రిజిస్టరమ్మకి నిజంగానే గుర్తులేదు. గుర్తులేదనే చెప్పింది. ఉందని చెబితే ఏం పోయేదని తిరిగొచ్చేటప్పుడు బస్సులో తన్ను తాను తిట్టుకుంది.

ఇంకోచోట రెండు గంటలు కూర్చోబెట్టి అన్న గురించి చెప్పినవాడు, చివర్లో కలం చేతికిస్తే, "ఇంతసేపూ మాట్లాడానుగా, ఇంకా సంతకం ఎందుకు?" అని కలం వెనక్కిచ్చేశాడు. ఒకావిడ తలుపు సగమే తీసి, సంగతి విని, ఏమీ అనకుండా మూసేసింది.

మూడో అంతస్తులో ఒక కుర్ర తండ్రి ఉండేవాడు. నాలుగేళ్ల కూతుర్ని పోగొట్టుకున్నాడు. ఫారం మొత్తం చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"మా పాప మీకు పాఠమా అండీ?" అన్నాడు.

"కాదు బాబూ. మీలాంటివాళ్లు వచ్చినప్పుడు ఎలా నడుచుకోవాలో నేర్చుకుందామని..."

"నేర్చుకోండి. ఎవరొద్దన్నారు. మా పాప మీద కాదు."

ఫారం నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలోనే పెట్టాడు. ఆమె మెట్లు దిగుతూ రెండో అంతస్తులో కాసేపు కూర్చుండిపోయింది. అతను అన్నదాంట్లో తప్పేముందో ఎంత వెతికినా దొరకలేదు. అయినా సంచీ తీసుకుని తర్వాతి ఇంటికి వెళ్లింది. వెళ్లినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

అన్నిటికంటే చెడ్డది ఒక ముసలాయన ఇల్లు. ఆరేళ్ల కిందట తమ్ముడి దేహాన్ని తీసుకుపోయాడాయన. ఆయన కూడా పోయి నాలుగు నెలలైందని కోడలు చెప్పింది. "మీ ఆస్పత్రిలోనే. మీరే కదండీ మా చేత సంతకం పెట్టించుకుంది?" అంది. మర్నాడు రిజిస్టరు తిరగేస్తే ఆయన పేరు, వయసు, వేళ, అన్నీ తన చేతిరాతలోనే కనిపించాయి. రిపోర్టులో మూడు పేజీలు రాసిన మనిషి తన కళ్ల ముందునుంచే వెళ్లిపోతే గుర్తుపట్టలేదు. ఆ రోజు ఏ పాఠం వింటూ, ఏ పరీక్షకి చదువుతూ ఆ అక్షరాలు రాసిందో.

ఇరవై మూడో తారీఖుకి లెక్క తేలింది. పదకొండు మంది పెట్టారు. ముగ్గురు పెట్టబోమన్నారు. ఒకాయన పోయాడు. ఇంకో ఆవిడ తల్లి పోయాక ఇల్లు ఖాళీ చేసి ఎటు పోయిందో చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఇక మిగిలింది కళ్లజోళ్ల షాపాయన. పదిహేడిట్లో ఆయన దగ్గరికి వెళ్లడానికే ఆమెకి కాళ్లు రాలేదు. షాపు వీధి చివరిదాకా రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చింది. ఏ మొహం పెట్టుకుని అడగడం? మీకు నేను చేసిన అన్యాయం గురించి నలభై పేజీలు రాసుకున్నాను, సంతకం పెట్టండి అనా?

ఇరవై నాలుగున డ్యూటీలో ఉండగా బుద్ధి పెడదారి పట్టింది. ఇల్లు ఖాళీ చేసి పోయిన ఆవిడ సంతకం రిజిస్టరులో ఉంది కదా. తల్లిని తీసుకుపోయేటప్పుడు పెట్టింది. రెండు అక్షరాలు, కింద ఒక గీత, అంతే. ఆ పేజీ పక్కన ఫారం పెట్టుకుని, కాగితం ముక్క మీద పదిసార్లు రాసి, పదకొండోసారి ఫారం మీద రాసింది. అచ్చు అలాగే దిగింది. స్ట్రెచర్ తోసే బాబాయి లోపలికొచ్చి, "ఏంటమ్మా, చెమటలు పోశాయి?" అని అడిగితే ఫారం రిజిస్టరు కిందకి తోసేసింది. పద్నాలుగేళ్లలో ఆ పుస్తకంలో ఒక్క అక్షరం తప్పు రాయని మనిషి.

ఇక ఫోన్ నంబరు కావాలి. కమిటీవాళ్లు ఎవరో ఒకరికి ఫోన్ చేసి కనుక్కుంటారట. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి భర్త ముందు ఫారం పెట్టి జరిగింది చెప్పింది. అతని నంబరు వేస్తానని, ఫోన్ వస్తే ఆవిడ భర్తనని చెప్పమని అడిగింది. ఇలాంటివి అతనికి బొత్తిగా గిట్టవని ఆమెకి తెలుసు. తిడతాడనుకుంది. తిట్టలేదు. కుంటికాలు చాపుకుని ఫారం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"సరే, మాట్లాడతాను. ఇన్నేళ్లు పడ్డావు, ఆ మాత్రం చెయ్యలేనా," అన్నాడు. "కానీ ఒకటి చెప్పు. ఎవరు పోయారంటే ఏం చెప్పను?"

"అత్తగారు పోయిందని చెప్పాలి. ఆవిడ తల్లి కదా."

"ఎలా పోయిందని అడిగితే?"

మంచం మీద అత్తగారు అంతా వింటోంది.

"నా సంగతే చెప్పరా," అంది ఆవిడ కొడుకుతో. "అల్లుడికి అత్తయినా, కోడలికి అత్తయినా అత్త అత్తే. నడుం నొప్పితో పోయిందని చెప్పు. అదైతే అబద్ధం కూడా కాదు, సగం పోయింది."

భర్త నవ్వబోయి ఆగిపోయాడు. రిజిస్టరమ్మ ఫారం తీసుకుని వంటింట్లోకి వెళ్లి ముక్కలు ముక్కలు చేసింది. తర్వాత ఆ ముక్కలన్నీ ఏరి, కనబడకుండా చెత్తబుట్ట అడుగుకి తోసింది. గోడకి ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. అయిదేళ్లు మతాల గురించి చదివి తను నేర్చుకున్నది తల్లిని పోగొట్టుకున్న మనిషి పేరు మీద దొంగ సంతకం పెట్టడమా అనిపించింది.

మర్నాడు రెండున్నరకి కళ్లజోళ్ల షాపు మెట్లెక్కింది. ఎక్కేదాకా వెనక్కి తిరుగుతాననే అనుకుంది.

ఆయన అద్దం అంచులు అరగదీస్తున్నాడు. తల ఎత్తి చూసి వెంటనే గుర్తుపట్టాడు. మిషన్ ఆపి, కళ్లు పరీక్ష చేసే కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఎదురుగా అక్షరాల చార్టు. ఆమె కూర్చుని, చార్టు వైపే చూస్తూ, మొదటినుంచీ అంతా చెప్పింది. ఆ రోజు తను తల దువ్వడం, ఆయన అన్న మాట, ఆ మాట పట్టుకుని చదువులో చేరడం, పుస్తకాల్లో చూసిన నియమం, నలభై పేజీలు. తప్పు క్షమించమని కూడా అంది.

ఆయన చేతిలో ఉన్న అద్దాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"మా మతంలో అలాంటి నియమం ఏమీ లేదమ్మా," అన్నాడు చివరికి.

"పుస్తకంలో ఉందండీ. ఇంటివాళ్లే..."

"పుస్తకంలో ఉండొచ్చు. మా ఇళ్లల్లో ఎవరం పాటించం. మా అమ్మ పోతే ఆస్పత్రివాళ్లే కడిగి ఇచ్చారు. దండం పెట్టి తెచ్చుకున్నాం."

మరి ఆ మాట ఎందుకన్నారని ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు. ఆ రోజు పొద్దున కబురు వచ్చినప్పుడు ఆస్పత్రికి రావడానికి ధైర్యం చాల్లేదట. రోజూలాగే వచ్చి షాపు తెరిచాడు. ఇద్దరికి కళ్లజోళ్లు అప్పగించాడు, ఒకాయన ఫ్రేముకి స్క్రూ బిగించాడు. ఆ మూడు గంటలూ భార్య పోయిన మనిషి కాకుండా ఉండిపోయాడు. తర్వాత సిగ్గేసింది. కనీసం తల దువ్వి తీసుకెళ్దామని ఇంటికి వెళ్లి దువ్వెన తెచ్చుకున్నాడు. వచ్చేసరికి అదీ అయిపోయింది.

"మీరు బాగా వేశారు జడ," అన్నాడు. "అదే నాకు కష్టమైంది. ఆవిడ కోసం చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు."

ఆమె ఒళ్లో ఉన్న ఫారం వైపు చూసుకుంది. అయిదేళ్ల చదువు, నలభై పేజీలు. ఆ మాట వెనక మతమే లేదు. ఉన్నది భయపడ్డ ఒక మొగుడు. అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. అడగకుండా యూనివర్సిటీకి పోయింది.

"సంతకం పెడతాను, ఇటివ్వండి," అన్నాడాయన.

"ఇప్పుడు అదంతా తప్పని తెలిసింది కదండీ. మార్చి రాయాలి."

"మార్చొద్దు." ఆయన గొంతు మొదటిసారి గట్టిగా వచ్చింది. "షాపు తెరిచిన సంగతి మా పిల్లలకి తెలీదు. మీరు రాసిందే ఉంచండి. నియమం తప్పిందని బాధపడ్డాడని ఉందిగా? మర్యాదగా ఉంది. దానికైతే ఇప్పుడే పెడతాను."

పెట్టాడు. గుండ్రటి అక్షరాలతో, తేదీ వేసి, ఫోన్ నంబరు రాసి, సిరా ఆరేదాకా ఊది ఇచ్చాడు. వెళ్లేటప్పుడు ఆమె కళ్లజోడు ముక్కుమీద జారుతోందని తీసుకుని, కాడలు బిగించి మరీ ఇచ్చాడు.

పన్నెండో సంతకం దొరికింది. దొంగది కాదు, అసలుది. మనిషి ఇష్టపడి పెట్టింది. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టు అయింది ఆమె పని.

ఇరవై ఆరున డ్యూటీ దిగాక ఆస్పత్రిలోనే కంప్యూటరు ముందు కూర్చుంది. పదకొండు ఫారాలు ఎక్కించింది. పన్నెండోది పక్కన పెట్టుకుంది. పంపితే ఏమవుతుంది? ఆయన మర్యాద నిలబడుతుంది. తన డిగ్రీ వస్తుంది, పోస్టు వస్తుంది. ఎవరికీ నష్టం లేదు. ఈ మాట తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో. చెప్పుకున్న ప్రతిసారీ ఒకటే అడ్డం వచ్చింది. రేపు ఏదో ఆస్పత్రిలో తనలాంటి మనిషి ఈ రిపోర్టు చదువుతుంది. ఆ మతంవాళ్లు వస్తే, ముట్టుకుంటే తప్పని చేతులు కట్టుకుని దూరంగా నిలబడుతుంది. వచ్చినవాళ్లు మందుల మరకలున్న మొహాన్నే చూస్తారు. ఎందుకని అడిగితే, మీ నియమం అంట కదా అంటుంది.

అసలు సంగతి రాద్దామంటే ఆయన వద్దన్నాడు. గైడు మేడంని సలహా అడుగుదామంటే ఆయన గుట్టు బయటపెట్టాలి. నాలుగున్నరకి మేడమే ఫోన్ చేసింది. పన్నెండోది అందలేదేమని అడిగింది. దొరికిందని, అయినా ఆ అధ్యాయం తీసేస్తున్నానని ఆమె చెప్పింది. కారణం చెప్పలేదు. మేడం ముందు బతిమాలింది, తర్వాత కోప్పడింది.

"ఇన్నేళ్ల కష్టం నీ చేతులతో నువ్వే పాడు చేసుకుంటున్నావమ్మా."

"అవునండి," అంది రిజిస్టరమ్మ.

అయిదయింది. కంప్యూటరు తెర మీద గడువు ముగిసిందని ఒక వాక్యం వచ్చింది. ఆమె లేచి నిలబడబోతే కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. బాబాయి వచ్చి, ఇంకా ఇంటికి పోలేదేమమ్మా అని కేకేసేదాకా బల్ల పట్టుకుని అలాగే నిలబడింది.

రిపోర్టు చెల్లదని మూడోరోజే జవాబొచ్చింది. ఎం.ఏ. బదులు డిప్లొమా ఇస్తామన్నారు. ఆ ఉత్తరాన్ని సూపరింటెండెంటు అటూ ఇటూ తిప్పి చూసి, తనేం చెయ్యలేనన్నాడు. సలహాదారుగా ఇంకెవరో అమ్మాయి వచ్చింది. రిజిస్టరమ్మని నేల అంతస్తులో దుప్పట్ల స్టోరుకి పంపేశారు. కిటికీ లేని గది. పొద్దున ఉతికినవి వస్తాయి, మాసినవి పోతాయి, లెక్క చూడాలి. మొదటి రెండు నెలలు ఆమె ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పుస్తకాలు గోతంలో కట్టి మంచం కిందకి తోసింది. పాఠాలు లేక అత్తగారికి పొద్దుపోయేది కాదు. భర్త ఆమె బట్టలు కూడా తనే ఇస్త్రీ చేసి పెట్టేవాడు.

తర్వాత ఎందుకో, ఎప్పుడో, ఆఖరి ఏడాదికి మళ్లీ చేరే వీలుందని చదివి దరఖాస్తు పెట్టింది. ఉద్యోగం కోసం కాదు, ఆ పోస్టు ఎటూ పోయింది. స్టోరుకి అప్పుడప్పుడు శవాగారం నుంచి ఎవరో ఒకరు ఉతికిన దుప్పటి కోసం వచ్చేవాళ్లు. కొందరు తెల్లదే కావాలనేవాళ్లు, కొందరు ఇంటినుంచి తెచ్చింది తప్ప వద్దనేవాళ్లు. ఈసారి ముందు ఫారం, తర్వాతే మాట. ఫారం వద్దన్నవాళ్లకి దుప్పటి ఇచ్చి పంపించేది. సరేనన్నవాళ్లని ఎందుకని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకునేది. మతం వల్ల అన్నవాళ్లు కొందరే. చలేస్తుందని అన్నవాళ్లు ఎక్కువ.

రిపోర్టు మొదటిదాని అంత గొప్పగా రాలేదని గైడు మేడమే చెప్పింది. సెకండ్ క్లాసులో గట్టెక్కింది. ఆఖరి మౌఖిక పరీక్ష ఒక పనిరోజు పొద్దున పెట్టారు. ఉతికిన దుప్పట్ల మూటల మధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తెరమీద ముగ్గురు. అందులో ఒకాయన ఆమె కాగితాలు చూసి, రెండేళ్ల చదువుకి ఏడేళ్లు పట్టిందేమని అడిగాడు.

"డ్యూటీ ఉండేదండి," అంది.

ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లాడు. బయట లాండ్రీ బండివాడు తలుపు కొడుతున్నాడు. ఒక్క నిమిషం ఆగమని చేత్తో సైగ చేసి, ఆమె జవాబు చెప్పడం మొదలుపెట్టింది.